కొండ సరస్సు దగ్గర కూర: గాలమా, పుట్టగొడుగులా, హకల్‌బెర్రీలా?

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో కొండల పిచ్చి పట్టినవాళ్లు డే హైక్‌లతో ఎక్కువకాలం సరిపెట్టుకోలేరు. టెంట్ కొంటారు, స్లీపింగ్ బ్యాగ్ కొంటారు, రెండు రాత్రులు పైన పడుకుని రావాలనుకుంటారు. ప్లాన్ వేసుకునేటప్పుడే ఎవరో ఒకరు అంటారు: "ఎలాగూ సరస్సు పక్కనే కదా ఉండేది, చేపలు పట్టుకుని వేయించుకుంటే పోలా?" ఇంకొకరు అందుకుంటారు: "దారి పొడుగునా పుట్టగొడుగులే, ఏరుకుంటే సరి." దాంతో తిండి బరువు తగ్గించుకోవచ్చన్న ఆశ మొదలవుతుంది.

ఆ ఆశను ముందే వదిలేయండి. అన్నం మీరు మోసుకెళ్లాల్సిందే, అడవి ఇస్తే గిస్తే కూర ఇస్తుంది. ఆ కూర కోసం గాలం పట్టుకెళ్లాలా, పుట్టగొడుగుల సంచి పట్టుకెళ్లాలా, హకల్‌బెర్రీలనే అడవి పండ్లకి ఒక డబ్బా సరిపోతుందా, అసలు ఇవేవీ లేకుండా వెళ్లడమే నయమా అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది. ఇది వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్ పర్వతాలను మనసులో పెట్టుకుని రాసింది. ఒరెగాన్‌లో ఉన్నవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది, రూల్స్ మాత్రం అక్కడివి చూసుకోవాలి.

## ముందుగా ఏం చూడాలి

ఏ నెల? సగం జవాబు క్యాలెండర్‌లోనే ఉంది. చేపలుండే కొండ సరస్సులు ఎక్కువగా నాలుగు నుంచి ఆరు వేల అడుగుల ఎత్తులో ఉంటాయి. వాటి మీద మంచు జూన్ చివర్లోనో జులైలోనో కరుగుతుంది. అందరూ వెతికే చాంటరెల్ పుట్టగొడుగులు మాత్రం కింద, డగ్లస్ ఫర్, హెమ్‌లాక్ చెట్ల అడవిలో, శరదృతువు వానలు పడ్డాక లేస్తాయి. అంటే చేప పైన వేసవిలో, పుట్టగొడుగు కింద వానల్లో. రెండూ ఒకే ట్రిప్‌లో, ఒకే చోట దొరకడం అరుదు. ఈ ఒక్క విషయం తెలియక ఆగస్టులో పుట్టగొడుగుల సంచితో, అక్టోబర్ చివర్లో గాలంతో కొండెక్కేవాళ్లు చాలామంది.

పొరపాటు జరిగితే ఎంత నష్టం? చేపను తప్పుగా గుర్తిస్తే జరిమానా పడుతుంది. పుట్టగొడుగును తప్పుగా గుర్తిస్తే కాలేయం గానీ కిడ్నీలు గానీ పోతాయి. ఈ రెండింటినీ ఒకే త్రాసులో వేయలేం.

ఎంత బలం వస్తుంది? బరువు మోస్తూ కొండెక్కే మనిషికి రోజుకు రెండున్నర నుంచి మూడున్నర వేల క్యాలరీలు కావాలి. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 ఉంటాయి. అంతే బలం చేపల్లో రావాలంటే పది అంగుళాల ట్రౌట్‌లు రెండు మూడు కావాలి. చాంటరెల్‌లలో రావాలంటే కిలో దాకా తినాలి. కిలో పుట్టగొడుగులు తిన్న కడుపుతో ఎవరూ కనుమ (పాస్) ఎక్కలేరు.

టైమ్, గ్యాస్. అరలీటరు నీళ్లు మరగడానికి చిన్న స్టవ్ ఏడెనిమిది గ్రాముల గ్యాస్ తీసుకుంటుంది. ఇన్‌స్టంట్ ఉప్మాకో పులిహోర మిక్స్‌కో అది చాలు. పుట్టగొడుగుల్లో నీరు ఇగిరిపోయేదాకా పదిహేను, ఇరవై నిమిషాలు మంట కావాలి. ఎత్తైన సరస్సుల దగ్గర చాలాచోట్ల కట్టెల మంట నిషేధం, వేసవిలో అగ్నిప్రమాద హెచ్చరికలుంటే దాదాపు అంతటా నిషేధమే. వండేదంతా మీరు మోసుకెళ్లిన గ్యాస్ మీదే.

చట్టం. చేపలకు రాష్ట్రం రూల్స్, పుట్టగొడుగులకు ఆ అడవి రూల్స్, నేషనల్ పార్క్ అయితే దాని రూల్స్.

ఇంట్లో ఏం తింటారు? శ్రావణంలో నీచు ముట్టనివాళ్లున్నారు, కార్తీకం నెలంతా మానేసేవాళ్లున్నారు. పుట్టగొడుగును కూడా నీచుతో సమానంగా చూసే ఇళ్లున్నాయి. గ్రూప్‌లో నలుగురుంటే నాలుగు పద్ధతులు. ఇది గాలం కొనకముందే అడిగి తెలుసుకోవాలి.

| | చేపలు | పుట్టగొడుగులు | హకల్‌బెర్రీలు | అన్నీ మోసుకెళ్లడం |
|---|---|---|---|---|
| మంచి కాలం | జులై–సెప్టెంబర్ | చాంటరెల్: సెప్టెంబర్–నవంబర్, మోరెల్: మే–జూన్ | ఆగస్టు–సెప్టెంబర్ | ఎప్పుడైనా |
| మోయాల్సిన బరువు | సామానుకు 100–450 గ్రా. | సంచి, చిన్న కత్తి | ఒక డబ్బా | రోజుకు 700–900 గ్రా. తిండి |
| 100 గ్రాముల్లో క్యాలరీలు | 120–150 | 30–40 | 40–60 | బియ్యం: 350 |
| కొత్తవాళ్లకు దొరికే అవకాశం | సగం సగం | తక్కువ | సీజన్‌లో ఎక్కువ | అనుమానమే లేదు |
| గుర్తింపు తప్పితే | జరిమానా | ప్రాణాపాయం | ఎక్కువసార్లు కడుపు నొప్పి | – |
| ఎలుగుబంటి భయం | ఎక్కువ | తక్కువ | పొదల్లో ఎదురుపడొచ్చు | మామూలే |

## చేపలు

అడవిలో కూర కోసం మొదటిసారి ప్రయత్నించేవాళ్లకు నా ఓటు దీనికే. చేప తినేవాళ్లయితేనే అనుకోండి.

కాస్కేడ్స్‌లోని ఎత్తైన సరస్సుల్లో సహజంగా చేపలు ఉండేవి కావు. హిమనదాలు తవ్విన గుంటలవి, కింది నుంచి చేప ఎక్కి రాలేనంత జలపాతాలు అడ్డం. ఇప్పుడున్న రెయిన్‌బో, కట్‌త్రోట్, బ్రూక్ ట్రౌట్‌లు మనుషులు తెచ్చి వదిలినవీ వాటి సంతానమూ. అందుకే ఒక సరస్సు నిండా చేపలుంటాయి, దాని పక్క సరస్సులో ఒక్కటి కూడా ఉండదు. ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్ ఒక్కదానిలోనే ఏడు వందలకు పైగా సరస్సులున్నాయి, ఏదో ఒకటి అనుకుని వెళ్తే పని కాదు. వాషింగ్టన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్‌లో ఎత్తైన సరస్సుల వివరాలు, ఎక్కడ ఏ చేప వదిలారన్న రిపోర్టులు ఉంటాయి. ట్రెయిల్ ఎంచుకునే ముందు ఆ పేజీ చూడండి, తరువాత కాదు.

లైసెన్సు 15 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లందరికీ కావాలి. దాని సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు, జనవరిలో కొంటే మూడు నెలలే పనిచేస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఒకటి, రెండు, మూడు రోజుల టెంపరరీ లైసెన్సులు దొరుకుతాయి. "నాన్నగారు ఊరికే పట్టుకున్నారండీ" అంటే ఆఫీసర్ వినడు, గాలం ఎవరి చేతిలో ఉంటే లైసెన్సు వాళ్లకుండాలి. మౌంట్ రెయినియర్ నేషనల్ పార్క్ లోపల మాత్రం రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు. ఒలింపిక్ నేషనల్ పార్క్‌లో కూడా, సముద్రపు ఒడ్డున తప్ప, అక్కర్లేదు. నార్త్ కాస్కేడ్స్‌లో కావాలి. లైసెన్సు లేదంటే రూల్స్ లేవని కాదు. ఏ నీళ్లలో పట్టొచ్చు, ఎన్ని ఉంచుకోవచ్చు అన్నవి పార్కుకో రకం.

సామానులో రెండు దారులు.

స్పిన్నింగ్ రాడ్, చిన్న రీల్, నాలుగైదు స్పిన్నర్లు (నీళ్లలో తిరుగుతూ మెరిసే లోహపు ఎరలు) కలిపి మూడు నాలుగు వందల గ్రాములు. దూరానికి విసరొచ్చు. మధ్యాహ్నం ఎండకి చేపలు లోతుకు పోయినప్పుడు పనికొస్తుంది. నీళ్లు నింపే చిన్న ప్లాస్టిక్ బుడగ కట్టి దాని వెనక ఒక ఫ్లై (పురుగులా కనిపించే ఎర) వేలాడదీస్తే, స్పిన్నర్‌ను చూసి బెదిరే చేప కూడా వస్తుంది. చేతికి అలవాటు కావడానికి ఒక సాయంత్రం చాలు.

టెంకారా జపాన్ పద్ధతి: రీల్ ఉండదు, మడిస్తే రెండడుగుల లోపు, బరువు వంద గ్రాముల లోపు. రాడ్ కొసన దారం, దారం కొసన ఫ్లై, అంతే. విసిరేది పాతిక అడుగుల లోపే కాబట్టి చేప ఒడ్డు దగ్గరికి వచ్చే వేళ కోసం కాచుకోవాలి. ఆ వేళ దాదాపు రోజూ వస్తుంది: పొద్దు వాలాక గాలి ఆగిపోయి, దోమలు మిమ్మల్ని పీక్కుతినడం మొదలుపెట్టినప్పుడు. బరువు లెక్కలు గ్రాముల్లో వేసుకునేవాళ్లకు ఇది. ఓపిక లేనివాళ్లకు మొదటిదే.

ఇక గుర్తింపు. ఇక్కడి నీళ్లలో బుల్ ట్రౌట్ అనే చేప ఉంది. 1999 నుంచి అది ముప్పులో ఉన్న జాతుల ఫెడరల్ జాబితాలో ఉంది, గాలానికి పడితే వెంటనే వదిలేయాలి. చూడ్డానికి బ్రూక్ ట్రౌట్‌కి దగ్గరగా ఉంటుంది, రెండింటి ఒంటి మీదా లేతరంగు చుక్కలే. తేడా వీపు మీది రెక్కలో ఉంది. చేపను నీళ్లలోనే ఉంచి, ఆ రెక్కను వేలితో విప్పి చూడండి. నల్లటి వంకర గీతలు, మచ్చలు ఉంటే బ్రూక్. నలుపే లేకుండా శుభ్రంగా ఉంటే బుల్, వదిలేయండి. బుల్ ట్రౌట్‌లు ఎక్కువగా నదుల్లో, పెద్ద సరస్సుల్లో ఉంటాయి, అయినా దారిలో ఏటి ఒడ్డున ఆగి గాలం వేసేవాళ్లకు ఇది తెలిసి తీరాలి. బ్రూక్ ట్రౌట్‌ల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. చల్లటి చిన్న సరస్సుల్లో అవి విపరీతంగా పెరిగిపోయి, తిండి చాలక, తల పెద్దగా ఒళ్లు సన్నగా మిగిలిపోతాయి. లిమిట్ లోపల పట్టుకుని తినడానికి మనసు పీకే పనిలేదు.

బాగుచేయడం మన బొచ్చె కన్నా చాలా తేలిక. ట్రౌట్ పొలుసులు ఎంత సన్నమంటే తీయనక్కర్లేదు. కింది రంధ్రం నుంచి మొప్పల దాకా పొట్ట కోసి, పేగులు లాగేసి, వెన్నెముక వెంబడి కనిపించే నల్లటి రక్తపు గీతను బొటనవేలి గోరుతో గీకేస్తే అయిపోయింది. ఆ గీత వదిలేస్తే చేదు. ఉప్పు, పసుపు, కారం, ధనియాల పొడి, కాస్త బియ్యప్పిండి ఇంట్లోనే కలిపి జిప్ కవర్‌లో పోసుకుని, చిన్న సీసాలో నూనె తీసుకెళ్తే చాలు. సన్నటి చేప కాబట్టి రెండు వైపులా కలిపి ఆరేడు నిమిషాల్లో వేగిపోతుంది. నిమ్మకాయ మరిచిపోకండి. పూర్తిగా ఉడకాలి, మంచినీటి చేపను పచ్చిగా తినే ప్రయోగాలు వద్దు. కుక్కను తీసుకెళ్లేవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి: ఈ ప్రాంతపు పచ్చి సాల్మన్, ట్రౌట్‌లలో ఉండే ఒక పరాన్నజీవి వల్ల కుక్కలకు ప్రాణాంతకమైన జబ్బు వస్తుంది. తల, తోక, పేగు ఏదీ దానికి వేయకూడదు.

పేగులు ఒడ్డున వదిలేయకండి. ఏం చేయాలన్నది ఒక్కోచోట ఒక్కో పద్ధతి, రేంజర్ స్టేషన్‌లో ముందే అడగండి. వంట, గిన్నెలు కడగడం టెంట్‌కీ నీళ్లకీ కనీసం రెండు వందల అడుగుల దూరంలో. చేప వేపుడు వాసన పట్టిన షర్ట్‌తో టెంట్‌లో పడుకోవడమంటే నల్ల ఎలుగుబంటికి అడ్రస్ ఇచ్చినట్టే. నిజం చెప్పాలంటే చేపల దారిలో నాకు నచ్చని భాగం ఇదొక్కటే: రాత్రి తొమ్మిదింటికి చలిలో, హెడ్‌ల్యాంప్ వెలుగులో, నూనె జిడ్డు పట్టిన పెనాన్ని నీళ్లకు దూరంగా తోమడం.

## పుట్టగొడుగులు

ఇష్టం ఉన్నవాళ్లకు ఇందులో ఉన్న ఆనందం చేపల్లో లేదు. వాన వెలిసిన అడవిలో, నాచు మధ్య నుంచి పసుపు రంగు అంచు ఒకటి కనిపిస్తే చాలు, ఆ రోజు నడక సగానికి పడిపోతుంది. అయినా బ్యాక్‌ప్యాకింగ్‌లో పుట్టగొడుగుల విషయంలో నా సలహా ఒక్కటే: ఏరండి, అడవిలో మాత్రం తినకండి. తిరిగి వచ్చే రోజున, కారు దగ్గరికి దిగే దారిలో ఏరి, ఇంటికి తెచ్చి, తెలిసినవాళ్లకు చూపించి వండుకోండి.

ఎందుకో చెప్తాను. ప్రాణాంతకమైన పుట్టగొడుగుల విషం వెంటనే బయటపడదు. డెత్ క్యాప్‌లో, అడవిలో చెక్క మీద మొలిచే చిన్న గోధుమరంగు గాలెరినాలో ఉండే అమాటాక్సిన్ తిన్న ఆరు నుంచి ఇరవైనాలుగు గంటలకు వాంతులు, విరేచనాలు మొదలుపెడుతుంది. తరువాత ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది. ఆ తగ్గిన రోజే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా ఈ విషం పోదు. రాత్రి క్యాంప్‌లో తింటే తెల్లవారుజామున వాంతులతో లేస్తారు, పది మైళ్ల దూరంలో కారు, ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. అదే ఇంట్లో అయితే ఆస్పత్రి పావుగంట దూరం.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. తొలకరి ఉరుములకు పుట్టల దగ్గర లేచే పుట్టగొడుగులు, వరిగడ్డి మీద పెంచేవి మనలో చాలామందికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ కన్ను ఇక్కడ అక్కరకు రాదు సరికదా, మోసం చేస్తుంది. వరిగడ్డి పుట్టగొడుగు, డెత్ క్యాప్ రెండూ మొదట్లో గుడ్డు ఆకారంలో ఒక సంచిలోంచి చీల్చుకుని వస్తాయి. ఆసియా దేశాల నుంచి అమెరికా వచ్చినవాళ్లు తమ ఊరి పుట్టగొడుగే అనుకుని డెత్ క్యాప్ తిని చనిపోయిన సంఘటనలున్నాయి. డెత్ క్యాప్ యూరప్ నుంచి తెచ్చి నాటిన చెట్ల వేళ్లతో పాటు వచ్చింది. కొండల మీద కన్నా సియాటిల్ వీధుల్లో, హార్న్‌బీమ్, చెస్ట్‌నట్ చెట్ల కింద ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ఈ హెచ్చరిక ట్రెక్‌కి వెళ్లేవాళ్లకే కాదు, పార్కులో వాకింగ్‌కి వెళ్లే అమ్మమ్మ, తాతయ్యలకు కూడా చెప్పండి.

ఊళ్లో వినే పరీక్షలేవీ పనిచేయవు. వెండి చెంచా నల్లబడటం, బియ్యం రంగు మారడం, పురుగు తింటే మనమూ తినొచ్చనడం, పసుపు నీళ్లలో ఉడికిస్తే విషం దిగిపోతుందనడం, అన్నీ ఉత్తిదే. ఫోన్‌లో ఫొటో తీసి పేరు చెప్పే యాప్‌లు పేరు తెలుసుకోవాలన్న సరదాకి పర్లేదు, తినాలా వద్దా తేల్చడానికి కాదు.

మరి ఏవి నేర్చుకోవచ్చు?

చాంటరెల్. కొత్తవాళ్లకు మొదటి పుట్టగొడుగు ఇదే కావాలి. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఉంటుంది. పక్కనున్న ఒరెగాన్ 1999లో దీన్ని తమ రాష్ట్ర పుట్టగొడుగుగా ప్రకటించుకుంది. దాన్ని తిరగేసి చూడండి. గొడుగు కింద కత్తి అంచుల్లాంటి పల్చటి రేకులు ఉండవు. మొద్దుబారిన మడతలు ఉంటాయి, అవి చీలికలై కాడ మీదికి జారతాయి. గోరుతో లేపితే రేకులా విడిగా రావు, ఒంట్లో భాగమే. కాడను నిలువుగా చీల్చండి: లోపల బోలు ఉండదు, తెల్లగా, పోగులు పోగులుగా విడిపోతుంది. నేల మీద ఒక్కొక్కటిగా లేస్తుంది. చెక్క మీద గుత్తిగా మొలిచి, కింద అన్నీ ఒకే మొదట్లో కలిస్తే అది చాంటరెల్ కాదు. ఫాల్స్ చాంటరెల్‌కి మెత్తటి, పల్చటి, దగ్గరదగ్గర రేకులుంటాయి. వూలీ చాంటరెల్‌కి గొడుగు మధ్యలో లోతుగా గుంట, దానిలో ఎర్రటి పొలుసులు ఉంటాయి, తింటే చాలామందికి కడుపు పాడవుతుంది. పైన చెప్పిన గుర్తుల్లో ఒక్కటి తప్పినా వదిలేయండి.

మోరెల్. మే, జూన్‌లలో కాస్కేడ్స్ తూర్పు వైపు, ముందటి ఏడాది కార్చిచ్చు తగలబడ్డ అడవుల్లో. ఎత్తైన దారుల మీద ఇంకా మంచు ఉండే ఆ రోజుల్లో ట్రిప్ వేసుకునేవాళ్లకు ఇదొక్కటే గతి. కాలిన చెట్లు గాలికి విరిగి పడతాయి, వాటి కింద టెంట్ వేయొద్దు. అసలు మోరెల్‌ని నిలువుగా కోస్తే మొన నుంచి కాడ దాకా ఒకటే బోలు. ఫాల్స్ మోరెల్ మెదడు మడతల్లా ముడుచుకుని ఉంటుంది, లోపల గదులు గదులు, అది విషం. అసలు మోరెల్ కూడా పచ్చిగా, సగం ఉడికించి తినకూడదు. 2023లో మోంటానాలో ఒక రెస్టారెంట్‌లో మోరెల్స్ తిన్నాక 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. పచ్చివీ సరిగా ఉడకనివీ తినడంతో దానికి సంబంధం కనిపించింది. గ్యాస్ మిగుల్చుకోవాలని తొందరగా దించేసే క్యాంప్ వంటకి ఇది సరిపడదు.

మట్సుటాకే. ధర చూసి ఆశపడేవాళ్లుంటారు. తెల్లగా, గట్టిగా, పైన్, ఫర్ చెట్ల కింద వస్తుంది. అదే చెట్ల కింద, అంతే తెల్లగా, అంతే గట్టిగా స్మిత్స్ అమనిటా కూడా వస్తుంది, అది కిడ్నీలను పాడుచేస్తుంది. మొదటి కొన్ని సీజన్లు దీని జోలికి పోకండి.

నేర్చుకోవడానికి దగ్గరి దారి మనుషులే. సియాటిల్‌లో పుగెట్ సౌండ్ మైకలాజికల్ సొసైటీ 1964 నుంచి ఉంది. సీజన్‌లో మీరు తెచ్చినవి చూసి ఏవేమిటో చెప్పే సభ్యులుంటారు. ఏరేటప్పుడు ఒక్కో రకం ఒక్కో కాగితపు సంచిలో వేయండి, ప్లాస్టిక్ కవర్లో చెమటపట్టి కుళ్లిపోతాయి. చాంటరెల్స్ కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని రోజులు ఆగుతాయి, అందుకే ఇంటికి తెచ్చుకుంటే పోయేదేమీ లేదు. పొడి మూకుడులో వేసి నీరంతా ఇగిరిపోయాకే నూనె, ఉల్లిపాయ, మిరియాలు వేయాలి. అల్లం వెల్లుల్లి దట్టించి మసాలా కూర చేస్తే దాని సువాసన కాస్తా పోతుంది. అలా చేయాలంటే కొట్లో దొరికే బటన్ మష్రూమ్ ఉందిగా.

పర్మిట్ సంగతి: ఒక్కో నేషనల్ ఫారెస్ట్‌లో ఒక్కో రూల్. కొన్నిచోట్ల ఉచితంగా, కొన్నిచోట్ల పర్మిట్‌తో, రోజుకు ఇంత అని. ఆ అడవి రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేయడం ఐదు నిమిషాల పని.

## హకల్‌బెర్రీలు

శాకాహారులకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంతకన్నా మంచిది లేదు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో మూడు నుంచి ఆరు వేల అడుగుల మధ్య, చెట్లు పల్చగా ఉండి ఎండ పడే వాలుల్లో కాస్తాయి. ఊదా నలుపు రంగు, కాయ అడుగున గుండ్రటి ముద్ర, మోకాలి నుంచి నడుము ఎత్తు పొద. మెరిసే ఎర్రటి లేక తెల్లటి కాయలు గుత్తిగా ఉన్న బేన్‌బెర్రీ విషం. నేల మీది ఆకుల మధ్య నుంచి సన్నటి కాడకి ఒకే ఒక్క నీలం కాయ నిలబడి ఉంటే అదీ తినేది కాదు. వంట లేదు, గ్యాస్ లేదు, లైసెన్సు ఖర్చు లేదు. గిఫర్డ్ పించో లాంటి అడవుల్లో ఉచిత పర్మిట్ మాత్రం తీసుకోవాలి. అక్కడ సాటూత్ అనే చోట ఉన్న హకల్‌బెర్రీ పొదల్లో కొంత భాగం 1932 నాటి ఒప్పందం ప్రకారం యాకమా తెగవారికే ప్రత్యేకం. బోర్డులు ఉంటాయి, అవి చూసి పక్కకి తప్పుకోండి. పొద్దున్నే ఓట్స్‌లో గుప్పెడు వేసుకుంటే ఆ రుచే వేరు. ఎలుగుబంటికీ అవే ఇష్టం కాబట్టి కోస్తున్నంతసేపూ మాట్లాడుతూ ఉండండి, మనవాళ్లకు అదేమంత కష్టం కాదు.

## అన్నీ మోసుకెళ్లడం

దీన్ని ఓటమి అనుకోవద్దు. ఎన్‌చాంట్‌మెంట్స్ అనే సరస్సుల ప్రాంతం లాంటి చోటికి లాటరీలో పర్మిట్ దొరికి రెండు రాత్రులకు వెళ్తున్నవాళ్లు, రోజుకు పన్నెండు మైళ్లు నడవాలనుకునేవాళ్లు గాలం విప్పే వేళకి నిద్రలో ఉంటారు. వాళ్లకు అటుకులు, పులిహోర మిక్స్, వేరుశనగ చిక్కీ, పప్పుల పొడి, చిన్న డబ్బాలో నెయ్యి చాలు. నెయ్యి వంద గ్రాములకు తొమ్మిది వందల క్యాలరీలు, అడవిలో దొరికే ఏదీ దాని దరిదాపుల్లోకి రాదు. మిగతా మూడు దారుల్లో ఏది ఎంచుకున్నా ఈ తిండి పూర్తిగా ఉండాలి. చేప పడుతుందని ఒక రాత్రి భోజనం తగ్గించి వెళ్లొద్దు.

## ఎవరికి ఏది

మొదటి బ్యాక్‌ప్యాకింగ్ ట్రిప్ అయితే ఏదీ వద్దు. టెంట్, స్టవ్, నీళ్ల ఫిల్టర్, చలి, వీటితోనే రోజు గడిచిపోతుంది. రెండోసారి నుంచి గాలం.

పదేళ్ల పిల్లలున్న ఇల్లయితే ఆగస్టు చివర్లో నాలుగైదు మైళ్ల దూరంలో ఉన్న సరస్సు, ఒక స్పిన్నింగ్ రాడ్, ఒక బెర్రీల డబ్బా. పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు. చేప పడకపోతే బెర్రీలు ఉన్నాయి, ఏడుపులు తప్పుతాయి.

శాకాహారులై పుట్టగొడుగు తినేవాళ్లకు అక్టోబర్ నయం. తక్కువ ఎత్తులో, నది లోయ దారిలో ఒక రాత్రి, మర్నాడు దిగేటప్పుడు చాంటరెల్స్. అప్పటికి కార్తీకం దగ్గర పడుతుంది లేదా నడుస్తూ ఉంటుంది, నీచు మానేసినవాళ్లకు కూడా కూర దొరికినట్టే. వాన మాత్రం తప్పదు. తడిసిన టెంట్ అంటే చిరాకుపడేవాళ్లు డే హైక్‌లో ఏరుకోవడమే మేలు, పుట్టగొడుగులకు రాత్రి పడుకోవాల్సిన అవసరమే లేదు.

రెండూ కావాల్సిందే అనేవాళ్లకు సెప్టెంబర్ చివరి రెండు వారాలు. పైన సరస్సు ఇంకా గడ్డకట్టదు, కింద మొదటి వానలు పడి ఉండొచ్చు. శుక్రవారం, శనివారం పైన గాలం, ఆదివారం దిగేటప్పుడు ట్రెయిల్ చివరి రెండు మైళ్లలో కళ్లు నేల మీద. వానలు ఆలస్యమైతే రెండోది దొరకదు.

ఇవన్నీ చదివి ఇండియా వెళ్లినప్పుడు నల్లమలలోనో పాపికొండల్లోనో ప్రయత్నిద్దాం అనుకునేవాళ్లకు: అక్కడి టైగర్ రిజర్వ్‌లు, అభయారణ్యాలు, నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా చేప పట్టడం, అటవీ ఉత్పత్తులు ఏరడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అడవిలో ఏరుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం కింద అక్కడ తరతరాలుగా బతికేవాళ్లది, టూరిస్టులది కాదు. మన్యం పుట్టగొడుగులు తినాలంటే సంతలో వాళ్ల దగ్గర కొనుక్కోండి.

## తిన్నాక తేడా చేస్తే

ఎంత చెప్పినా క్యాంప్‌లో వండుకునేవాళ్లు ఉంటారు. అలా చేస్తే ఒకే రకం వండండి, గ్రూప్‌లో ఒకరు తినకుండా ఉండండి, వండని పుట్టగొడుగు ఒకటి కాడ మొదలుతో సహా కాగితంలో చుట్టి దాచండి. ఎన్నింటికి తిన్నారో రాసిపెట్టుకోండి, వాంతులు ఎన్ని గంటల తరువాత మొదలయ్యాయన్నదే డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న. అమెరికాలో ఎక్కడి నుంచైనా పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడాలంటే దుభాషిని అడగొచ్చు. సిగ్నల్ లేని చోట శాటిలైట్ మెసెంజర్ ఉంటే ఎస్‌ఓఎస్ నొక్కండి, లేకపోతే ఇద్దరు కిందికి దిగి కబురు చేయాలి. తిన్న ఆరు గంటల తరువాత మొదలైన వాంతులు మధ్యాహ్నానికి తగ్గిపోయినా సరే, టెంట్ ఎత్తేసి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, దాచిన పుట్టగొడుగు వెంట తీసుకుని.